వలసపక్షి యను రూపకము

ఇటీవలి తెలుగు వ్యవహారమున "వలసపక్షులు" అను మాట మనుష్యులయెడఁ దఱచుగా వాడఁబడుచున్నది. ఎన్నికల వేళ నొక కక్షిని విడిచి వేఱొక కక్షిలోఁ జేరు నాయకులు వలసపక్షులు. కోతలు ముగిసినపిమ్మట మూటముల్లె గట్టుకొని పట్టణమునకుఁ బోవు కూలివారు వలసపక్షులు. ఒక యూర నిలుకడగా నుండక తిరుగు పూసలవారు, గంగిరెద్దులవారు, బుడిగజంగములు వలసపక్షులు. ఒక్క మాట యింతమందికిఁ జెల్లుచుండఁగా, అది యెక్కడఁ బుట్టినది, అందలి పోలిక యెంతవఱకు సరియైనది, ఎచ్చటఁ దప్పుచున్నది యనుట విచారింపఁదగినది. ఇది కేవల మలంకారశాస్త్రమునకుఁ జెందిన విషయము కాదు. ఒకనిని వలసపక్షి యని పిలిచిన వెంటనే, అతనికి నిలుచుటకుఁ జోటు గలదా, లేదా యను ప్రశ్నకుఁ దెలియకయే యొక ప్రత్యుత్తర మీయఁబడుచున్నది.

ఉపమకు ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము అని యంగములు నాలుగు. "ఈ కూలివారు పక్షులవలె ఋతువు ననుసరించి పోయి మరల వత్తురు" అన్నచో నాలుగును వ్యక్తములు. పోలిక యెంతమేరకో చదువరికిఁ దెలియును. "ఈ కూలివారు వలసపక్షులు" అన్నచో సాధారణధర్మము చెప్పఁబడలేదు, అభేద మారోపింపఁబడినది, ఇది రూపకము. "వలసపక్షులు వచ్చినవి" అని మాత్రమే యన్నచో నుపమేయము సైతము ఉపమానముచే మ్రింగఁబడినది. దీని నాలంకారికులు రూపకాతిశయోక్తి యందురు. ఈ మూఁడవ మెట్టున మనుష్యుఁడు వాక్యమునుండియే తొలఁగిపోయినాఁడు. క్రియ కూడ "వచ్చిరి" యని మహద్వాచకమునకుఁ దగినట్లు గాక, "వచ్చినవి" యని యమహద్వాచకమునకుఁ దగినట్లు మాఱినది. కావ్యమున నిది గుణమే. లోకవ్యవహారమున మాత్రము, మొదటి మెట్టున స్పష్టముగా నుండిన హద్దు మూఁడవ మెట్టున మఱుఁగుపడును.

"వలసపక్షి" మిశ్రసమాసము. ఇందుఁ బక్షి తత్సమము, వలస దేశ్యము. సమాసము క్రొత్తది గాని వలస పాతది. బ్రౌను దొర 1852లోఁ బ్రకటించిన నిఘంటువున వలసకు శత్రుసేనకు వెఱచి యిల్లు విడిచి పోవుట యను నర్థము చెప్పఁబడినది. దండు వచ్చుచున్నదన్న వార్త విని ధాన్యమును పాతఱలఁ బూడ్చి, పసులఁ దోలుకొని, పిల్లల నెత్తుకొని యూరివారెల్లరు అడవికో, కోటకో, పొరుగుసీమకో పోవుట వలస. కాఁబట్టి ఆ పదమునందు మూఁ డంశములు గలవు: తఱుమునట్టి భయము, ఇల్లు విడుచుట, దండు పోయిన తరువాత మరలి రావలెనను ఆశ. ఇవి మూఁడును మనుష్యధర్మములు. ఋతువునుబట్టి దేశాంతరము పోయివచ్చు పక్షులకుఁ బేరు కావలసినప్పు డీ మనుష్యుల పదమే వానికి ఎరవుగా నీయఁబడినది. అటుపిమ్మట నా సమాసమే మనుష్యులపైఁ బ్రయోగింపఁబడెను. అనఁగా మనుష్యుఁడు పక్షికి మాట నెరవిచ్చి, పక్షినుండి దానిని మరలఁ బుచ్చుకొనెను.

ఈ రాకపోకలలో నొకటి జాఱిపోయినది. పక్షి దండునకు వెఱచి పోవునది కాదు. దాని పయనము జాతిస్వభావము. తండ్రి తాతల నాఁటినుండి వచ్చు మార్గము. అందువలనఁ బక్షినుండి తిరిగివచ్చిన మాటలో భయము లేదు. అలవాటు, చపలత, స్వభావము అను నర్థములు మాత్రము మిగిలినవి. కఱవు చేతనో, అప్పు చేతనో, భూమి పోవుట చేతనో తఱుమఁబడినవానిని "ఎగిరిపోయినాఁడు" అని చెప్పుటకు ఈ జాఱుపాటే దారి యిచ్చినది. తఱుమఁబడినవానిని గూర్చి "ఎవరు తఱిమిరి?" అని యడుగుదురు. ఎగిరిపోయినదానిని గూర్చి యెవరు నట్లడుగరు.

వలస యను పదము పోవుటతోనే ముగియలేదు. ఉత్తరాంధ్రమున ఆమదాలవలస, కొత్తవలస మొదలైన యూళ్ళు గలవు. అచ్చట వలస యనఁగాఁ బోవుట కాదు, వచ్చినవారు నిలిచిన చోటు. గమనమును జెప్పు పదమే స్థానమును జెప్పుట కలవాటుపడినది. ఇట్టి మార్పు ఈ యొక్క పదమునకే కలిగినది కాదు. పాళెము తొలుత దండు దిగిన శిబిరము. నేఁడు నెల్లూరు, చిత్తూరు సీమలలో నెన్నియో యూళ్ళ పేర్లు పాళెముతో ముగియును. స్థిరనివాసమునకు మాఱుపేరుగా నున్న గ్రామశబ్దమే వేదకాలమునఁ బసులతో, బండ్లతోఁ గదలిపోవు జనసమూహమునకు వాడఁబడినదనియు, అట్టి రెండు సమూహములు తారసిల్లుటయే మొదట సంగ్రామ మనఁబడినదనియుఁ బరిశోధకులు చెప్పుదురు. గ్రామము, పాళెము, వలస — మూఁడును నడచి వచ్చి కూర్చున్న పదములు. నిలుకడగల వారికిని దిరుగువారికిని నడుమఁ గల భేదము జాతిభేదము కాదనియు, కాలభేదము మాత్రమే యనియు నీ మాటలే సాక్ష్యమిచ్చుచున్నవి.

నాలుగవ పదము తండా. దీనిని జూచుటకు హైదరాబాదునుండి శ్రీశైలమునకుఁ బోవు మార్గమునఁ గల కందుకూరు, దానికిఁ బొరుగున నున్న ఇబ్రాహీంపట్టణము, యాచారము ప్రాంతములు తగిన చోట్లు. రంగారెడ్డి జిల్లాలోని యీ భాగమున లంబాడీల తండాలు గలవు. తండా యనఁగా మొదట ఊరు కాదు. సరకు మోయు ఎద్దుల బిడారు. ఉప్పును, ధాన్యమును వేలకొలఁది యెద్దులపై నెక్కించి తీరమునుండి లోనాడునకును, లోనాడునుండి దండు విడిసిన చోటికిని జేర్చుట లంబాడీల వృత్తి. దక్కనునకు వచ్చిన మొగలు సైన్యములకు వారు ధాన్యము నందించిరి. 1791–92లో శ్రీరంగపట్టణముపైకి నడచిన కారన్‌వాలిసు సేనకును వారి బిడారులే యాధారములు. పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములు, రాదారులు వచ్చుటతో నెద్దుపెరికల వాణిజ్యము క్షీణించెను. బిడారు కదలుట మానినది. అది నిలిచిన చోటు తండా యయ్యెను. 1976లోఁ దెలంగాణమునందలి లంబాడీలు షెడ్యూల్డు తెగలలోఁ జేర్పఁబడిరి. 2018 నాఁటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముతో ననేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతులైనవి. బిడారు పేరు ఇప్పుడు సర్పంచి ముద్రపై నున్నది.

నడుమఁ గడచిన కాలము మాత్రము మఱవఁదగినది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నెంచు చట్టము చేసెను. 1911 తరువాత నది మద్రాసు రాజధానియందును అమలులోనికి వచ్చెను. ఎఱుకలవారు మొదలైన సంచారజాతులు ఠాణాలో హాజరు వేయించుకొని, సెలవు చీటి లేనిదే యూరు కదలరాదను నిర్బంధమునకు లోఁబడిరి. బాపట్ల సమీపమునందలి స్టూవర్టుపురము అట్టివారిని నిలుపుటకై యేర్పఱచిన వసతి. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. చట్టమునకు మూలమైన తలంపు ఒక్కటే: తిరుగువాఁడు దొంగ. ధాన్యము తెచ్చినప్పు డాప్తుఁడైనవాఁడు, ధాన్యము తెచ్చు పని పోయినతోడనే యనుమానమునకుఁ బాత్రుఁడయ్యెను.

ఇచ్చటఁ బక్షి యుపమానముగా బాగుగ నొప్పును. శీతకాలమున దక్కను జొన్నచేలపై గుంపులు గుంపులుగా వ్రాలు గులాబివన్నె గోరువంక యీ దేశమునఁ బుట్టినది కాదు. అది మధ్యాసియా మైదానములలో గూడు కట్టి, వేసవి ముగియఁగనే యిచ్చటికి వచ్చి, వసంతమున మరలిపోవును. ఇచ్చట రైతు మంచె యెక్కి వడిసెలతో దానిని దోలును, అది జొన్నదొంగ. దాని పుట్టినింట నదియే పక్షి మిడుతలను దిని పంటలను గాపాడును. చీనాదేశపు సింజియాంగు ప్రాంతమున దానిని రప్పించుటకై రాళ్ళు పేర్చి గూళ్ళు కట్టి యిచ్చిన చోట్లు గలవు. పక్షి యొక్కటే, ముక్కు నొక్కటే, ఒక దేశమున రక్షకుఁడు, మఱియొక దేశమున దొంగ. గుణము పక్షియందు లేదు. అది వ్రాలిన చేనునుబట్టియు, చూచువాని ప్రయోజనమునుబట్టియుఁ గలిగినది. లంబాడీ బిడారు చరిత్రయు నిట్టిదే. ఈ సాధారణధర్మమును దెలిపి చెప్పినచో వలసపక్షి యను మాట న్యాయమగును.

ఋతుధర్మమున మాత్రము పక్షికిని మనుష్యునకును వైపరీత్యము గలదు. ఇబ్రాహీం కుతుబ్‌షా (1550–1580) పేరిట వెలసిన ఇబ్రాహీంపట్టణపు పెద్దచెఱువు మొదలుకొని తెలంగాణపు చెఱువులన్నియు వానకాలమున నిండి, శీతకాలమునఁ గ్రమముగాఁ దగ్గును. నీరు తగ్గి, బురద బయటఁబడి, లోఁతు తక్కువైన వేళయే యుత్తరదేశములనుండి వచ్చు బాతులకు, ఉల్లంకిపిట్టలకు, కాటుకపిట్టలకు మేఁత సమృద్ధిగా దొరకు కాలము. ఆ నీటితగ్గుదలయే మెట్టసీమల కూలివానికిఁ బ్రయాణసూచన. చెఱువున రెండవ పంటకు నీరు లేదు; చేతఁ బని లేదు. శ్రీశైలమార్గమునఁ గందుకూరునకు దక్షిణమునఁ గల కల్వకుర్తి, అచ్చంపేట మొదలుగాఁ గల పూర్వపు మహబూబునగరు జిల్లానుండి గుంపుమేస్త్రీలు బయానా యిచ్చి జనులను దీసికొనిపోవుట తరతరములుగా జరిగినది. ఆనకట్టలు, కాలువలు, రాదారులు కట్టిన యా జనులకుఁ బాలమూరు కూలీలని దేశమంతటఁ బేరు. తొలకరికి వారు మరలివత్తురు. కావునఁ బక్షులు వచ్చువేళ మనుష్యులు పోవుదురు. మనుష్యులు వచ్చువేళకుఁ బక్షులుండవు. ఒకే చెఱువు ఒకరికి నతిథిశాల, మఱియొకరికి వీడ్కోలు. పక్షి సమృద్ధిని వెదకికొని వచ్చినది. మనుష్యుఁడు లేమి త్రోయఁగాఁ బోయినాఁడు. ఇద్దఱికిని ఒక్క పేరు పెట్టినచో నీ భేదము గోచరింపదు.

పక్షులను గూర్చి లోకమునఁ గల మఱియొక భ్రమయు విచారణీయము. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి సమీపమునఁ దేలినీలాపురమను గ్రామము గలదు. ఏటేట నచ్చటికి రంగుకొంగలు, గూడబాతులు వచ్చి చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను బెంచును. ఇచ్ఛాపురము సమీపమునందలి తేలుకుంచికి నత్తగుల్లకొంగలు వచ్చును. చిలమత్తూరు సమీపమునందలి వీరాపురమునకును రంగుకొంగలు వచ్చుట ప్రసిద్ధము. ఆయూరివారు వానిని గొట్టరు, కొట్టనీయరు. పురిటికిఁ బుట్టినింటికి వచ్చిన యాఁడుబిడ్డలుగాఁ జూతురు. అయినను జనులు, వార్తాపత్రికలును వానిని "సైబీరియా పక్షులు" అనుట వాడుక. ఇది పొరపాటు. ఉత్తరదేశములనుండి వచ్చు పక్షులు గూడు కట్టి పొదుగుట యుత్తరముననే. ఇచ్చట శీతకాలము గడపుటకు మాత్రమే వచ్చును. ఇచ్చట గూడు కట్టునవి యిచ్చటివే. రంగుకొంగ, నత్తగుల్లకొంగ, గూడబాతు దక్షిణాసియాలోఁ బుట్టి, నీటి సౌకర్యమునుబట్టి యా మేరలోనే తిరుగుచుండు పక్షులు. వానికి సైబీరియా యెఱుకయే లేదు.

పక్షిశాస్త్రజ్ఞులు దీనినిఁ బలుమాఱు చెప్పినను వాడుక మాఱలేదు. దూరమునుండి వచ్చినదనుకొనుటయం దొక సొంపు గలదు. అయిన నాయూరి స్త్రీల మాటయే శాస్త్రమునకు సమీపమున నున్నది. ఆఁడుబిడ్డ పుట్టినింటికి వచ్చినది యన్నపుడు పుట్టినిల్లు ఇదియే యని చెప్పినట్లు. సైబీరియా పక్షి యన్నపుడు పుట్టినిల్లు వేఱు, ఇది విడిది యని చెప్పినట్లు. మనుష్యులయందును నీ పొరపాటు జరుగుచున్నది. ఒక తండాలో, ఒక గుడిసెలవాడలోఁ బుట్టి పెరిగినవారిని సైతము "వీరెక్కడినుండియో వచ్చినవారు" అని లోకము తరములకొలఁదిఁ జెప్పుచుండును. గూడు కట్టి పిల్లలను బెంచిన చోటు స్వస్థలమను పక్షిశాస్త్రనియమము మనుష్యులకు వర్తింపదా?

ఈ ప్రశ్నకుఁ బాణిని యొక చక్కని విభాగము చేసియుంచెను. తద్ధితప్రకరణమున నొకనిని దేశమునుబట్టి పిలుచుటకు రెండు హేతువులు వేఱువేఱు సూత్రములఁ జెప్పఁబడినవి: ఒకటి నివాసము, రెండవది యభిజనము. ఇప్పు డెచ్చట వసించునో యది నివాసము. పూర్వు లెచ్చట వసించిరో యది యభిజనమని వ్యాఖ్యాతలు భేదము చూపిరి. రెంటినిబట్టియుఁ బ్రత్యయము చెల్లును. అనఁగా వ్యాకరణమునుబట్టి యొకనికి రెండూళ్ళుండుట దోషము కాదు; రెండును నాతనివే. ఒక్కటియే యుండవలెనని, అది యిదో యదో తేల్చవలెనని పట్టుపట్టినది వ్యాకరణము కాదు, రాజకీయము.

తెలుగువారి యింటిపేర్లు ఈ యభిజనమునకుఁ బ్రత్యక్షసాక్ష్యములు. కందుకూరు ప్రథమ, దానిపై ఇ యను నౌపవిభక్తికము రాఁగాఁ గందుకూరి. ఊరు, ఊరి యనునట్లే యిది సిద్ధము. రాజమహేంద్రవరమునఁ బుట్టిన వీరేశలింగము (1848–1919) కందుకూరివారు. ఈ పేరుగల గ్రామములు తెలుగునాఁటఁ బెక్కు గలవు. ఏ కందుకూరైనను, ఆయూర నివసించు వారినందఱను "కందుకూరివారు" అని పిలుచుట వ్యర్థము. దానివలన నొకనినుండి మఱియొకఁడు వేఱుపడఁడు. ఆయూరు విడిచి మఱియొక యూరు చేరినవానికే యా పేరు పనికివచ్చును. కావున గ్రామనామమువలనఁ గలిగిన ప్రతి యింటిపేరును ఒకానొక వలసకు గుఱుతు. పక్షిశాస్త్రజ్ఞులు పక్షుల కాళ్ళకు సంఖ్య చెక్కిన కడియములు తొడిగి యవి యెచ్చటినుండి వచ్చినవో తెలిసికొందురు. తెలుగువారు తమ కడియమును బేరునకు ముందు ధరించియున్నారు. గ్రామనామము నింటిపేరుగాఁ గలవారు ఒకరిని వలసవాఁడని తక్కువచేయుటకు ముందు తమ సంతకమును జూచుకొనవలసియుండును.

ఇఁకఁ గావ్యమార్గమునఁ బక్షిసంచారమున కెట్టి గౌరవము గలదో చూడవలెను. యాస్కుఁడు హంసశబ్దమును హన ధాతువునుండి సాధించెను. ఆ ధాతువునకు హింసయే కాక గతియు నర్థము. మార్గమును గడచిపోవునది హంస. వానకాలమున హంసలు మానససరస్సునకుఁ బోవునను కవిసమయము కాళిదాసుని మేఘసందేశమునఁ బ్రసిద్ధము. ఆ కావ్యమున హంసలు క్రౌంచపర్వతరంధ్రము ద్వారమునఁ బోవును. ఈ కవిసమయమునకు లోకమున నాధారము గలదు. తలపై రెండు నల్లని పట్టెలుగల బాతు శీతకాలమున భారతదేశమున నుండి, వేసవికి హిమాలయములు దాఁటి తిబెత్తు, మంగోలియా సరస్సులకుఁ బోవును. ఈ శతాబ్దమున వానికి యంత్రములు కట్టి చూడఁగా నవి యొకానొకపుడు 7,000 మీటర్లకు మించిన యెత్తునఁ బోవుననియు, అయినను వీలైనంతవఱకుఁ గొండల మలఁకల ననుసరించి, లోయలను గనుమలను బట్టి పోవుననియుఁ దెలిసినది. క్రౌంచరంధ్రము కవి యూహామాత్రము కాదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితలోఁ గాటుకపిట్ట దర్శనఫలమునకే యొక యధ్యాయము కేటాయించుట కూడ, కనఁబడక పోయి మరలఁ గనఁబడు పక్షిని బూర్వు లెంత శ్రద్ధతోఁ జూచిరో తెలుపును.

ఇట్టి హంసపేరే సన్న్యాసికిఁ బెట్టఁబడినది: హంసుఁడు, పరమహంసుఁడు. ఇల్లు విడిచి తిరుగువాఁడు పరివ్రాజకుఁడు. ఆ శబ్దము స్తుతి. అదే యర్థమును దేశ్యమునఁ జెప్పినచో దేశదిమ్మరి, అది నింద. అనికేతనుఁడన్నచో వైరాగ్యము, ఇల్లువాకిలి లేనివాఁ డన్నచోఁ దిట్టు. ధాత్వర్థ మొక్కటియే. భేదము తిరుగుటయందు లేదు. తిరుగువాఁడు విడిచినదానియందుఁ గలదు. ఉన్న యింటిని విడిచినవానికి నమస్కారము. లేని యింటిని వెదకువానికిఁ దిరస్కారము.

ఇతరభాషలయందును ఈ పక్షిరూపకము గలదు. 1783లో ఇంగ్లాండు పార్లమెంటున బర్కు, ధనార్జనకై భారతదేశమునకు వచ్చి పోవు కుంఫిణీ యుద్యోగులను నిలకడ లేని వేఁటపక్షులతోఁ బోల్చెను. అచ్చట నది ప్రబలులకుఁ జెందిన మాట. పందొమ్మిదవ శతాబ్దము చివర నిటలీనుండి అర్జెంటీనాకుఁ గోతలకై సముద్రము దాఁటి పోయి, స్వదేశపుఁ గోతలకు మరలివచ్చు కూలివారిని స్పానిషుభాషలో వానకోవెలలని పిలిచిరి. రెండర్ధగోళముల ఋతువులు వ్యస్తములగుటవలన వారి కేఁడాదిలో రెండు కోతకాలములు దొరకినవి. ఆ పోలికలో రాకపోకలు రెండును గలవు గనుక నది సరసమైనది. పక్షిరూపకము బలవంతునకుఁ జెప్పినపుడు విమర్శ యగును, ఇష్టముతోఁ బోయివచ్చువానికిఁ జెప్పినపుడు వర్ణన యగును, గతి లేనివానికిఁ జెప్పినపుడు దాని యర్థము వికటించును.

ఆ వికటతను దెలియుటకుఁ దెలుగువారి బర్మా చరిత్ర చాలును. కాకినాడ సమీపమునందలి కోరంగి రేవునుండి, తరువాత నితరపు రేవులనుండి, తెలుగు కూలివారు రంగూనుకుఁ బోయిరి. అందువలన నచ్చటివారు తెలుగువారిని గోరంగీలనిరి. మేస్త్రీల బయానాతోఁ బోయి, వరికోతలలో, ధాన్యపు మరలలో, రేవులో పని చేసి, అనేకులు మరలి వచ్చుచుండిరి. అంతవఱకు నది వానకోవెలల పోలికయే. 1930 మే మాసమున రంగూను రేవులోఁ దెలుగు కూలివారికిని బర్మీయులకును గలహము పుట్టి పెక్కురు హతులైరి. 1931 జనగణనమున బర్మాలో భారతీయులు పదిలక్షలకు మించియుండిరి. 1941 డిసెంబరున రంగూనుపై జపానువారి బాంబులు పడఁగా, 1942లో లక్షలకొలఁది జనులు కొండలను, అడవులను దాఁటి కాలినడకను భారతదేశమునకుఁ బాఱివచ్చిరి. ఎందఱో త్రోవలోనే మరణించిరి. వారికిఁ దెలుగుపత్రికలు పెట్టిన పేరు కాందిశీకులు.

ఈ పదమును వ్యాకరణరీతిని విడఁదీసి చూచినచో నర్థము హృదయమును దాఁకును. "కాం దిశమ్" అనఁగా "ఏ దిక్కునకు" అని. "ఏ దిక్కునకుఁ బోదును?" అని పలుకువాఁడు కాందిశీకుఁడు. వాని ప్రశ్నయే వాని పేరైనది. అమరకోశము దీనిని భయముచేఁ బాఱిపోవువానికిఁ జెప్పెను. వలసయందు మొదట నుండి, పక్షినుండి మరలి వచ్చునపుడు జాఱిపోయిన భయ మిచ్చటఁ దిరిగి దొరకుచున్నది. పక్షికిని వీనికిని గల భేద మీ పదముననే యున్నది. పక్షికి దిక్కు తెలియును. సూర్యునిబట్టియు, నక్షత్రములబట్టియు, భూమియొక్క యయస్కాంతబలమునుబట్టియు నది మార్గము నిర్ణయించుకొనును. తల్లిదండ్రులు ముందే పోయినను, కొన్ని జాతుల పిల్లలు తొలియేఁటనే యొంటరిగా సరియైన దిక్కునకుఁ బోవును. కాందిశీకునకు లేని దదియే. తెలుగున దిక్కు అన్న మాటకు దిశ యనియు, శరణము అనియు రెండర్థము లుండుట యిచ్చట స్మరింపఁదగినది. దిక్కు తెలియనివాఁడు, దిక్కు లేనివాఁడు — ఈ రెండును గలిసినవాఁడు కాందిశీకుఁడు. వానిని బక్షియనుట వానికి లేని దిక్కును గల్పించుట.

పక్షులయొక్కయు మనుష్యులయొక్కయు వలసలను ధర్మశాస్త్ర మొకే యేఁట గుర్తించుట యొక విశేషము. 1979లో బాన్ నగరమున వలసజంతువుల రక్షణమునకై యంతర్జాతీయ సమ్మతిపత్రము వ్రాయఁబడినది. 1983లో భారతదేశ మందుఁ జేరెను. 1979లోనే భారతదేశమున అంతరరాష్ట్ర వలసకూలీల చట్టము చేయఁబడినది. అందుఁ గూలివానికి స్థానభ్రంశభత్యమును, ఇంటికి మరలుటకుఁ బ్రయాణభత్యమును జెప్పఁబడినవి. 2020 ఫిబ్రవరిలో బాన్ సమ్మతిపత్రపు పదుమూఁడవ మహాసభ గుజరాతులోని గాంధీనగరమున జరిగెను. వలసపక్షుల నతిథులుగా నాదరింపవలెనని యచ్చటఁ జెప్పిరి. ఒక నెల గడచునప్పటికి, మార్చి 25 మొదలు దేశమంతట రాకపోకలు నిలిపివేయఁబడెను. పట్టణములలోని కూలివారు పిల్లల నెత్తుకొని వందలకొలఁది మైళ్ళు నడచిపోయిరి. మే 1వ తేదీని రంగారెడ్డి జిల్లాలోని లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి శ్రామిక రైలు బయలుదేఱెను. ఆ నడచినవారికి దిశ తెలియును, లేనిది మార్గము. పక్షుల ఆకాశమార్గమును గూర్చి దేశములు సమ్మతిపత్రములు వ్రాసికొనినవి. ఆ దినములలో నేలపై నడచువాని మార్గమునకు మాత్రము తడికెలు కట్టఁబడియుండెను.

కందుకూరు ప్రాంతమున నేఁడు వలసకు మఱియొక రూపము గానవచ్చును. పట్టణమునకు జనులు పోవుట కాక, పట్టణమే వారికడకు వచ్చుచున్నది. కందుకూరు మండలములోని ముచ్చెర్ల ప్రాంతమున ఔషధనగరమునకై భూములు సేకరింపఁబడినవి. మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1వ తేదీని నైపుణ్యవిశ్వవిద్యాలయమునకు శంకుస్థాపన జరిగెను. భూమి పోయిన రైతు ఊరు కదలకయే వలసవాఁ డగుచున్నాఁడు: నివాస మదియే, జీవనము మాత్ర మచ్చట లేదు. మఱి హైదరాబాదు చుట్టుపట్లఁ గల యిటుకబట్టీలకు బలాంగీరు, నువాపడా మొదలైన యొడిసా జిల్లాలనుండి కుటుంబములు ఏటేట వచ్చి వర్షకాలమునకు మరలిపోవుచున్నవి. పాలమూరువాఁడు మోసిన పేరును నేఁడు ఒడిసావాఁడు మోయుచున్నాఁడు. పేరు నిలిచినది; మోయువాఁడు మాఱినాఁడు. ఇదియొక జాతిస్వభావము కాదనుటకు నింతకంటె నిదర్శన మక్కఱలేదు.

ఈ విచారమువలన నిఘంటుకారులకును, వ్రాయువారికిని ఫలితము రెండు విధములు. వలసశబ్దము క్రింద, ఋతువును బట్టి పోయివచ్చుట, భయముచేతనో లేమిచేతనో యిల్లు విడుచుట, అట్లు వచ్చినవారు కట్టుకొనిన యూరు అను మూఁడర్థములను వేఱువేఱుగాఁ జూపవలెను; మొదటిది రెండవదానిని గప్పివేయరాదు. వలసపక్షి యను సమాసమును మనుష్యులపైఁ బ్రయోగించునపుడు సాధారణధర్మమును స్పష్టపఱుపవలెను. పోయినవాఁడు మరలి వచ్చుననియో, ఇద్దఱికిని రెండు నెలవులు గలవనియో యర్థమైనచో నది సదుపమ. స్వభావముచేతనే నిలువఁడని యర్థమైనచో నది యుపమాదోషము మాత్రమే కాదు, అపవాదము.

నిలువనివానికి మనభాషయందు గౌరవవాచక మొకటి లేకపోలేదు. అతిథిశబ్దమును బూర్వవైయాకరణులు అత ధాతువునుండి సాధించిరి. ఆ ధాతువునకు నెడతెగక తిరుగుట యర్థము. కాఁబట్టి యతిథి యనఁగా మొదట నింటికి వచ్చినవాఁడు కాదు; తిరుగుచుండువాఁడు. అతని రాకవలన నింటివాని కొక ధర్మ మేర్పడినది. తరువాత నా ధర్మమే పదార్థముగా స్థిరపడినది. తేలినీలాపురమువారు కొంగలయెడ నా ధర్మము నెఱవేర్చుచున్నారు. వలసపక్షి యను మాట యొకని నోట వచ్చినపుడు, దాని వెనుక నున్నది వడిసెల పట్టిన చేయియా, అతిథిని బిలుచు చేయియా యని చదువరులు పరిశీలించుకొనవలసియున్నది.